గాలి కొట్టక్కర్లేని పెట్టె

మా చిన్నప్పుడు మా ఇంట్లో హార్మోనియం చీర కట్టుకుని అటక మీద కూర్చునేది...

అమ్మ పాత చీర అది. నాలుగు చుట్లు చుట్టి పైన ముడి వేసేది. కింద నుంచి చూస్తే ఎవరో ముసలమ్మ అలిగి పైకెక్కినట్టే ఉండేది.

దాన్ని అటకెక్కించింది ఒక చెరుకు బండి. మాది కోహీర్ దగ్గర పల్లె. ఓసారి కోతల కాలంలో బండి ఒరిగి మా నాన్న ఎడమ చేతి మీద పడింది; ఆయన్ని మేం బాపు అనేవాళ్లం. చెయ్యి దక్కింది గానీ అందులో బలం దక్కలేదు. కుడిచేత్తో మెట్లు నొక్కుతూ, ఎడమచేత్తో పెట్టె వెనక తిత్తికి గాలి కొడితేనే కదా హార్మోనియం పలికేది...

అప్పటిదాకా శనివారం భజనలో బాపుది ముందు వరుస. ఆ తర్వాత వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పాడటం కూడా మానేశాడు.

"నేను గాలి కొడత, నువ్వు వాయించు" అంది అమ్మ ఒకసారి.

"ఊరు నవ్వుతది" అన్నాడు బాపు.

ఆ మాట అక్కడితో ఆగింది. అమ్మ మాత్రం ఆగలేదు. బాపు చేనుకు పోయినప్పుడు పెట్టెను దింపి, దుమ్ము తుడిచి, తిత్తి బిగుసుకుపోకుండా కాసేపు ఉత్త గాలి కొట్టి, మళ్లీ చీర చుట్టి పైకెక్కించేది.

ఇట్లా ఉండగా మా మేనమామ దిగాడు. అమ్మకు తమ్ముడు. బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. జహీరాబాద్‌లో లారీ ఆపి, పొడుగాటి అట్టపెట్టె ఒకటి ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు...

"బావా, గిది కరెంటు పియానో! గాలి కొట్టుడు లేదు, ఏం లేదు. ఒక్క చెయ్యి చాలు."

బాపు కూర్చున్న చోటి నుంచి కొంచెం ముందుకు జరిగాడు. మా బాపు విషయంలో అది గంతులేయడంతో సమానం.

ఇక దాన్ని బిగించడం చూడాలి... అమ్మ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ ఎత్తింది. మామ కెవ్వుమన్నాడు. "అక్కా! మీద నీళ్లు పడితే సచ్చిపోతది!" కాయ వాకిట్లో కొట్టారు. దాని ప్లగ్గుకు బల్లపరుపు కాళ్లు, మా బోర్డుకు గుండ్రటి రంధ్రాలు. మామ ప్లగ్గు కోసేసి, తీగలు రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చాడు. బాపు కింద కూర్చునే వాయిస్తాడు కాబట్టి దానికి స్టాండు రెండు పీటలు. చిన్న ఎర్ర దీపం వెలిగింది.

బాపు కూర్చుని, ముందు దాని వీపంతా తడిమాడు.

"ఏం దేవులాడుతున్నవ్ బావా?"

"తిత్తి."

"లేదంటి గద!"

"లేదని నాకెరుకనేరా... చేతికెరుక లేదు."

మెట్టు నొక్కాడు. పలికింది! ఇంకోటి... ఇంకోటి... మెల్లగా ఒక భజన కీర్తన బయటికొచ్చింది. వాయిస్తున్నంతసేపూ బాపు ఎడమ భుజం పైకీ కిందికీ కదులుతూనే ఉంది, లేని తిత్తికి గాలి కొడుతూ. మామ పడీ పడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుని వచ్చింది.

ఆ శనివారం భజన మా ఇంట్లోనే. అందరూ రాకముందే అమ్మ హార్మోనియాన్ని దింపి, చీర విప్పి, తలుపు వెనక పెట్టింది.

"గా ముసల్దాన్ని ఎందుకు దింపినవ్ అక్కా?" అన్నాడు మామ, మనసు నొచ్చుకుని.

"కరెంటును నమ్ముకుని భజన పెట్టుకుంటర్రా ఎవలన్న?"

బాపు ముందు వరుసలో కూర్చున్నాడు, ఎన్నాళ్లకో. మామ హుషారుగా ఏదో మీట నొక్కితే పెట్టెలోంచి దానంతటదే డోలు మోగింది. మా డోలక్ నర్సింలు మొహం మాడిపోయింది. "అయితే నేను ఇంటికి పోవుడేనా?"

బాపు ఆ మీట ఆపేశాడు. "మనిషుండంగ మర ఎందుకురా..."

రెండో కీర్తన సగంలో... కరెంటు పోయింది.

చీకట్లో బాపు వేళ్ల చప్పుడు మాత్రం వినిపించింది. టక్... టక్... పాట లేదు. ఆ తర్వాత చప్పుడూ లేదు. ఆయన లేస్తున్నాడని తెలిసింది. మళ్లీ వెనక గోడ దగ్గరికే.

ఇంతలో ఏదో బరువైనది ఆయన ముందుకు జరిగింది. అమ్మ హార్మోనియానికి అటువైపు, బాపుకు ఎదురుగా కూర్చుని తిత్తి పట్టుకుంది.

"కానియ్" అంది.

"ఊరు నవ్వుతదే..." గుసగుసగా అన్నాడు బాపు.

"చీకట్ల ఎవలు నవ్విన్రో నీకేం కనవడ్తది? వాయించు!"

వాయించాడు.

అమ్మ ఒక్క దెబ్బ తప్పలేదు. బాపు గొంతెత్తి పాడాడు కూడా. ఎవరో కందిలి వెలిగించి తెచ్చారు. బాపు తలెత్తి చూశాడు... ఎవరూ నవ్వడం లేదు. చెయ్యి ఆపలేదు.

"వదినె, తాళం తప్పకు" అన్నాడు నర్సింలు.

"నువ్వు తప్పకుంటె సాలు నర్సింలూ!" అప్పుడు నవ్వారు అందరూ. బాపు కూడా.

కాసేపటికి కరెంటు వచ్చింది. ఎర్ర దీపం మళ్లీ వెలిగింది. దాని వైపు ఎవరూ చూడలేదు.

"బొంబాయి కెల్లి మోసుకొస్తి... దండగైపాయె" అన్నాడు మామ.

"దండగెట్లయితదిరా? గిది రాకుంటే నేను ముందల కూసుంటుంటినా? ఇంట్ల ఉన్న చెయ్యి నాకు కనవడుతుండెనా?" అన్నాడు బాపు.

ఆ తర్వాత ప్రతి శనివారం వాళ్లిద్దరూ ఎదురెదురుగానే కూర్చున్నారు. పెట్టెకు మళ్లీ చీర కట్టే పని పడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్ద డిజిటల్ పియానో ఉంది. మా అమ్మాయిది. బ్రహ్మాండంగా వాయిస్తుందట... హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది కదా, మాకు మెట్ల చప్పుడే వినిపిస్తుంది. టక్... టక్... అది విన్నప్పుడల్లా చీకట్లో ఎవరైనా పెట్టె ముందుకు జరుపుతారేమోనని చూస్తాను.

మీ ఇంట్లో ఎవరి పాటకు ఎవరు గాలి కొట్టేవారు? జర చెప్పండి...