పుట్టిలో కుర్చీ వేసుకున్న రోజు

చేతిలో ఏమీ మిగలని మనిషికి నిటారుగా కూర్చోవడమే ఆస్తి అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా తాత భూములు పోయాయి, కోటలాంటి గడీ పోయింది. నేను ఆర్మూర్‌లో ఒక పసుపు అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేరాను. అయినా బయటివాళ్ల ఎదుట నేల మీద కూర్చోకూడదన్న మా ఇంటి ఆచారాన్ని మాత్రం వదల్లేదు. (దుకాణంలో అందరూ పరుపు మీద కూర్చుంటే నేను పసుపు బస్తా ఎక్కి కూర్చునేవాణ్ణి. హోదా నిలిచేది, బట్టలు పచ్చబడేవి.)

ఆ ఎండాకాలం పోచంపాడ్ డ్యామ్ దగ్గర నీళ్లు వెనక్కి తగ్గి, కొత్త గడ్డి కోసం కృష్ణజింకలు దిగుతున్నాయని విన్నాను. చిన్నప్పుడు మా నాయనమ్మ వాటి గురించి ఎంతో చెప్పేది. ఒక్కసారైనా చూడాలని పిచ్చి కోరిక. చేపలు పట్టే ఒక ముసలాయన ఆదివారం తెల్లవారుజామున తన పుట్టిలో తీసుకుపోతానన్నాడు. పుట్టి అంటే నీటి మీద తేలే పెద్ద వెదురు బుట్ట. అందులో అడుగున చతికిలబడాల్సిందే. అందుకని నేను పెర్కిట్‌లో ఆటో మాట్లాడుకుని, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వెళ్లాను.

ఒడ్డున వల దులుపుతున్న ఆయన భార్య నన్నూ కుర్చీనీ చూసి, "చాపలకు పోతుండ్రా దొరా, సభకు పోతుండ్రా?" అన్నది.

"ఉండనీ తియ్యి. దొరలు గట్లనే కూసుంటరు," అని ముసలాయన కుర్చీని పుట్టి నడుమ నిలబెట్టాడు. (ఇద్దరిలో నన్ను ఎక్కువ వెక్కిరించింది ఎవరో ఇప్పటికీ తేల్చుకోలేదు.)

నీళ్లలో కదలిక లేదు. గిర్రున తిరిగిపోవాలని చూసే పుట్టిని ఆయన ఒక్క తెడ్డుతో, చప్పుడు కానివ్వకుండా, గీత గీసినట్టు నడిపించాడు. అంతటి నేర్పు మా గడీ కథల్లో కూడా వినలేదు. కానీ మేము దగ్గరపడకముందే కొంగలు లేచాయి, గడ్డిలో గోధుమరంగు మచ్చలేవో కదిలి మాయమయ్యాయి. ఇంకోవైపు పోయాం, అక్కడా అంతే. ముసలాయన తెడ్డు ఆపాడు.

"ఎత్తుగ కనవడితే మనిషని ఉరుకుతయి దొరా. కిందికి కూసుంటే బుట్ట కొట్టుకొస్తుందనుకుంటయి. పొద్దెక్కితే మల్ల దొరకయి. కుర్సీ కావాల్నా, జింకలు కావాల్నా?"

"ఎవరికన్న చెప్తవా?" అన్నాను.

"చాపలకు చెప్త."

కుర్చీ దిగాను. నీళ్ల నడుమ తేలిన ఒక మట్టి మిట్ట మీద కుర్చీని దించి ముందుకు కదిలాం. వెనక్కి చూస్తే, ఒక నీటికాకి అప్పుడే దాని మీద వాలి, రెక్కలు ఆరబెట్టుకుంటూ నాకంటే దర్జాగా ఉంది. నేను తడి వలల మీద, మోకాళ్లు గడ్డానికి ఆనించి, పుట్టి అంచు మీదుగా చూస్తున్నాను. పది దాకా ఉంటాయి (లెక్కపెట్టడం మరిచాను), జింకలు నీళ్లు తాగుతున్నాయి. మెలితిరిగిన కొమ్ముల నల్లని పోతు ఒకటి తలెత్తి నా వైపు చాలాసేపు చూసింది. బుట్టే అనుకుని మళ్లీ తల వంచింది. అంతటి మర్యాద నాకు తర్వాత ఎవరూ చేయలేదు.

ఒడ్డుకు చేరాక ఆయన భార్య, "కుర్సీ ఏడవాయె?" అని అడిగింది.

"దాని మీద వేరే దొర కూసున్నడు," అన్నాడు ఆయన.

నేను ఇంకా లేవలేదు. కాళ్లు పట్టేశాయనుకుని ఆయన చెయ్యి అందించాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. నీ వల్ల ఎంత చూశానో అని ఒక్క మాట చెప్పాల్సింది. మా ఇంట్లో అలా చెప్పే అలవాటు లేదు. ఇప్పుడు ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటున్నాను. ఇరవై రెండేళ్ల ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. కిందికి దిగకుండా ఎన్ని తెల్లవారుజాములు పోగొట్టుకున్నాడో పాపం.