సింగపూర్ వెళ్ళిన సవరం

నిన్న మా ఆడపడుచు మనవరాలి అన్నప్రాశనలో మా వారు మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నారు. చేతిలో కాఫీ గ్లాసు, చుట్టూ కొత్త అల్లుళ్ళు. ఇక ఆయన్ని ఆపేదెవరు! "మా ఆవిడ ఎయిర్‌పోర్టులో పిల్లాడి నెత్తిన సవరం పెట్టిందండీ!" అనగానే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఈ కథ చెబుతున్నారు. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క వదిలేస్తారు. వదిలేసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

అప్పట్లో మాకు మండపేటలో ఎరువుల కొట్టు. అమ్మకాల టార్గెట్ దాటిన డీలర్లను భార్యాపిల్లలతో సహా సింగపూర్ తీసుకెళ్తామని కంపెనీ వాళ్ళు చెప్పారు. ఆ టార్గెట్ దాటించింది ఆయన ఒక్కరే కాదు. నాట్ల రోజుల్లో ఆయన రైతుల్ని కలవాలంటూ బండేసుకుని ఊళ్ళు తిరుగుతుంటే, యూరియా బస్తాల పక్కనే ఉయ్యాల కట్టి, చంటివాణ్ణి ఊపుతూ కొట్లో కూర్చున్నది నేను. అందుకే ఆ ప్రయాణం ఆయన నాకు చూపించే దయ అని ఏనాడూ అనుకోలేదు. అది నేను సంపాదించుకున్నదే.

మావాడికి అప్పటికి ఏడాదిన్నర. అన్నవరం స్వామికి మొక్కు ఉండటంతో పుట్టువెంట్రుకలు ఇంకా తీయించలేదు. తలనీలాలు ఇచ్చేలోపు మగపిల్లాడికైనా సరే రెండు జడలేసి, పూలు పెట్టి ఫోటో తీయించడం మా వైపు ఒక ముచ్చట. ఆ ముచ్చటకి స్టూడియోకి వెళ్ళినప్పుడే మా వారు, "ఎలాగూ వచ్చాం కదా, పాస్‌పోర్టు ఫోటో కూడా కానిచ్చేయండి" అన్నారు. జడలు విప్పుతానంటే, "చంటిపిల్లాడి ఫోటో ఎవడు చూస్తాడే?" అని కసిరారు. తీరా పాస్‌పోర్టు వచ్చి ప్రయాణం దగ్గరపడ్డాక మా అత్తగారు పట్టుబట్టారు: "దేవుడి సొమ్ము నెత్తిన పెట్టుకుని సముద్రం దాటుతారా? ముందు మొక్కు తీర్చండి." ఫోటోలో జుట్టుంది కదండీ, తిరిగొచ్చాక తీయిద్దాం అని నేను మొత్తుకున్నాను. ఒక్కరు వింటేనా! మా వారైతే, "దేవుడి కన్నా నీకు పాస్‌పోర్టు ఎక్కువైందా?" అన్నారు. కొండ మీద గుండు చేయించి, గంధం పూసి, అటునుంచటే బయల్దేరాం.

హైదరాబాద్ విమానాశ్రయంలో ఆయన ముందు, మేం వెనక. ఆయన పాస్‌పోర్టు మీద ముద్ర పడింది, దాటేశారు. మా వంతు వచ్చేసరికి ఆఫీసరు ఫోటో చూశాడు, పిల్లాణ్ణి చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. ఫోటోలో కనకాంబరాలు పెట్టుకున్న ఆడపిల్ల. నా చంకలో పసుపచ్చటి బోడిగుండు.

"ఎవరమ్మా ఈ పిల్లాడు?" అన్నాడు.

నా కడుపున పుట్టినవాణ్ణి పట్టుకుని ఎవరని అడుగుతాడా! మొక్కు సంగతి చెప్పాను. "గుండు సరేనమ్మా, కానీ ఫోటోలో ఉన్నది అమ్మాయి కదా. పై ఆఫీసరు వచ్చి చూడాలి" అని పక్కకి నిలబెట్టాడు. మావాడు ఆకలికి ఏడుపు లంకించుకున్నాడు. పాలసీసా ఉన్న సంచి ఆయన భుజాన, అటువైపు ఉండిపోయింది. ఆయన ఒకసారి ముందుకెళ్ళిపోతున్న తోటి డీలర్ల వైపు, ఒకసారి నా వైపు చూశారు.

"పోనీ, నువ్వు బాబుని తీసుకుని ఇంటికెళ్ళిపో. నేను వెళ్ళొచ్చేస్తాలే."

అని వెళ్ళిపోయారు. పాలసీసాతో సహా! ఊరు కాని ఊళ్ళో, చంకలో గుక్కపట్టిన పిల్లాడితో నన్ను వదిలేసి వెళ్ళిపోయారు. నాకు ఏడుపు రాలేదు. పిచ్చి కోపం వచ్చింది. ఆ కోపంలోనే చేతిసంచి జిప్పు లాగాను. కాన్పు తర్వాత నా జుట్టు సగానికి సగం ఊడిపోయింది. విమానం దిగే ముందు జడలో కలుపుకుందామని సవరం తెచ్చుకున్నాను. దాన్ని తీసి వాడి గుండు మీద అడ్డంగా వేసి, చెవులకి అటూ ఇటూ వేలాడదీసి, బల్ల ముందు ఎత్తి పట్టుకున్నాను. "ఇప్పుడు చూడండి ఎవరో!" అని అరిచాను. చెవి దగ్గర చక్కిలిగింత పుట్టిందేమో, మావాడు ఏడుపాపి, అచ్చం ఫోటోలోలాగే నోరంతా తెరిచి నవ్వాడు. అప్పుడే వచ్చిన పై ఆఫీసరు, ఒక పెద్దావిడ, ఆ ఫోటో, ఈ మొహం మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకోలేక "పంపించండి" అంది.

లోపల మా వారు స్నేహితులతో కలిసి నేను కలిపిన పులిహోర తింటున్నారు. "వచ్చేశావా? ఏం కాదని నాకు తెలుసు" అన్నారు. సవరాన్ని మావాడు విమానంలో నమిలి నమిలి పీచు చేశాడు. సింగపూర్ ఫోటోలన్నింటిలో ఆయన నవ్వుతూ ఉంటారు. నేను ఒక్కదాంట్లోనూ ఆయన వైపు చూడను.

నిన్న నవ్వులు తగ్గాక నేనే అందుకున్నాను. "దానికి ముందు మీరన్న మాట కూడా చెప్పండి."

"ఏం మాటే?"

"నువ్వు ఇంటికెళ్ళిపో, నేను వెళ్ళొచ్చేస్తాలే అన్నారు."

కొత్త అల్లుళ్ళు తలలు దించుకుని కాఫీ తాగడంలో పడ్డారు. మా వారు గ్లాసు కింద పెట్టారు. "అన్నానా? ఛ, నేనెందుకంటానే!" అన్నారు. ఆ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, అబద్ధం కాదు. సిగ్గుపడి దాస్తున్నారనుకుని ఇన్నేళ్ళూ కుతకుతలాడాను. తీరా చూస్తే ఆయన దగ్గర ఆ మాటే లేదు. అన్న మనిషి దగ్గర కాలం దాన్ని ఎప్పుడో తుడిచేసింది. విన్న నా దగ్గరికి మాత్రం తుడవడానికి ఇంకా రాలేదు.