రేకు మీద రెండు దెబ్బలు

ఇందాక మా వీధిలోకి కూరగాయల బండి వచ్చింది. వెనక నిలబడ్డ మనిషి ఆపమని క్యాబిన్ రేకు మీద రెండుసార్లు కొట్టాడు. నా ఒళ్లు జలదరించింది.

మన ఈడు వాళ్లకి గుర్తుందా? బండి వెనక ఎక్కితే, దిగే చోట అలా కొట్టడమే కదా! ఎనభైల్లో మా నాన్న కొల్లూరు నుంచి తెనాలికి పాత వ్యానులో అరటిగెలలు తెచ్చేవాడు. పెదనాన్న గెలల మధ్య కూర్చుని వచ్చి, కాలవ వంతెన రాగానే రెండు దెబ్బలు కొట్టేవాడు. భారీ మనిషి. ఆయన దిగితే బండి వెనక భాగం కాస్త పైకి లేచేది. నాన్న వెనక్కి చూడకుండానే "వస్తా అన్నయ్యా" అని గేరు వేసేవాడు.

పెదనాన్న పోయాక ఇంజన్లో చప్పుడు మొదలైంది. టక్, టక్. అదీ ఆ వంతెన దగ్గరే. మెకానిక్ మస్తాన్ మావయ్య ఇంజన్ విప్పి బిగించినా పోలేదు. చివరికి, విని తేల్చుకుంటానని ఓ సాయంత్రం మాతో బండెక్కాడు. వాళ్లిద్దరి మధ్య నేను.

వంతెన వచ్చింది. టక్, టక్.

మావయ్య వెనక రేకుకి చెవి ఆనించాడు. చటుక్కున తల తీసేశాడు.

"ఇంజన్ కాదు బావా. ఆపండి."

"వెనక ఎవరూ లేరు కదరా?"

"ముందు ఆపండి!"

నాన్న ఆపాడు. అరటాకుల పచ్చి వాసన, కాలవ నీళ్ల చప్పుడు. అప్పుడు బండి వెనక భాగం మెల్లగా పైకి లేచింది.

నాన్న వెనక్కి చూడలేదు.

"వస్తా అన్నయ్యా" అని గేరు వేశాడు.