ఆర్విడ్ మోసిన పొయ్యి

తను మోయలేని బరువు అలాస్కా కొండల్లోనే లేదని ఆర్విడ్ స్కోగ్లండ్ చెప్పుకునేవాడు. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న ప్లైవుడ్ మోతబల్ల ఒకటి అతని దగ్గరుండేది. దాన్ని వీపుకు తగిలించుకుని పిండి బస్తాలూ, వేటాడిన దుప్పి తొడలూ కొండెక్కించేవాడు.

ఆ వేసవిలో పడవ మీద, కట్టెలతో మండే పెద్ద ఇనప వంటపొయ్యి వచ్చింది.

"తలుపులూ పైరేకులూ ఊడదీసి రెండుసార్లుగా తేవయ్యా," అంది భార్య డాగ్నీ.

"ఈ బల్ల మీద మరఫిరంగులే మోశారే! పొయ్యి ఒక లెక్కా?" అని ఆర్విడ్ దాన్ని మొత్తంగా బల్లకు బిగించాడు.

ఇంకో అరవై అడుగుల్లో ఇల్లనగా నాచు మీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు. పొయ్యి కింద, అతను పైన. తిరగబడ్డ తాబేలులా కాళ్ళూ చేతులూ ఆడించాడు.

డాగ్నీ పరుగెత్తుకొచ్చింది. దెబ్బలేవీ తగల్లేదని చూసి, తాపీగా పక్కనే కూర్చుంది.

"పట్టీలు విప్పవే!"

"రెండుసార్లుగా తేవాల్సిందని ఒప్పుకో."

"చస్తే ఒప్పుకోను!"

ఆమె చుట్టుపక్కల పొదల్లోని నీలిపళ్ళు కోసుకుని తింటూ, జాలిపడి అతని నోట్లోనూ ఒకటి వేసింది. ఇంతలో దోమలు ముక్కు మీద వాలాయి.

"రెండుసార్లే తల్లీ! కావాలంటే పదిసార్లు!"

డాగ్నీ పట్టీలు విప్పింది. పొయ్యి మాత్రం పరుపులా మందంగా ఉన్న నాచులో దిగబడి అంగుళం కూడా కదల్లేదు.

"ఇప్పుడైనా ఊడదీద్దామా?"

"ఎందుకూ? ఇక్కడే గాలి బాగుంది," అన్నాడు ఆర్విడ్. పంతంకొద్దీ పొయ్యి చుట్టూ నాలుగు గోడలు లేపి, వంటిల్లు అక్కడే కట్టేశాడు.

డాగ్నీ కాదనలేదు. మూడు పూటలా వండినవన్నీ అక్కణ్ణుంచి ఇంటికి మోసే పని మాత్రం అతనికే అప్పగించింది.