తెనాలిలో కూడా లేని పఫ్

రేపల్లె విజయమ్మ టీచరుకు ఎర్రసిరా పెన్నంటే ఎంత మమకారమో పఫ్ అంటే అంత. భర్త పోయాక ఆవిడకు మిగిలిన జిహ్వచాపల్యం అదొక్కటే. బాపట్లలో చెల్లెలింటికి వెళ్ళినా, తెనాలిలో బండి మారినా, కొత్త బేకరీ కనిపిస్తే కాళ్ళు అటే లాగేవి. పఫ్ విరిస్తే పొరలు రాలి చీరంతా పడాలి, లోపల ఉల్లిపాయ కూర పొగలు కక్కాలి. లేదంటే సగం తిని, దుకాణం వాడి మొహం మీదే తప్పు చెప్పి వచ్చేది. మొహమాటం ఆవిడ ఇంటా వంటా లేదని ఊరంతా అనుకునేవారు.

అలాంటి మనిషి ఒక్కచోట అబద్ధమాడింది. జకరయ్య ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. పదో తరగతి తప్పి, విజయవాడలో ఏదో బేకరీలో కొన్నాళ్ళు పనిచేసి వచ్చి, ఎనభై తొమ్మిదిలో గుడి వీధిలో దుకాణం తెరిచాడు. మొదటి వాయి పఫ్‌లు టీచరుకే తెచ్చిపెట్టాడు. వాటికన్నా అట్టముక్క నయం. కానీ పక్కనే అతని తల్లి నాగమ్మ ఆవిడ నోటివంకే చూస్తూ నిలబడింది. పొలం పనులు చేసి కొడుకును నిలబెట్టిన మనిషి. విజయమ్మ నమిలి, మింగి, తెనాలిలో కూడా ఇంత బాగున్నవి లేవంది.

జకరయ్య ఆ మాటనే బోర్డు మీద రాయించాడు. బడికి వెళ్తూ ఆ బోర్డు ముందుకు రాగానే ఆవిడ తల దించుకునేది. బాగుందన్నాక పఫ్ ఎందుకు మారుతుంది? జనం బన్నులు కొనుక్కుపోయేవారు, పఫ్‌లు మిగిలిపోయేవి. మనవాళ్ళకు రుచి తెలియదని అతను సరిపెట్టుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా విజయమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. రేపు చెప్పేస్తాననుకునేది. రేపటికి నోరు పెగలక, ఇంకో పఫ్ కొని ఇంట్లో కోళ్ళకు వేసేది.

తొంభై ఆరులో చర్చిలో కోతపండుగ వచ్చింది. ఆ రోజు గుడికి ఏది తెచ్చినా దేవుడిదే. గుమ్మడికాయైనా కోడైనా బల్ల దగ్గర పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. విజయమ్మ చెల్లెలింటి నుంచి వస్తూ తెనాలిలో పఫ్‌లు కొంది. బండి ఆలస్యమవడంతో ఇంటికి వెళ్ళకుండా సంచీతోనే గుడికి వచ్చింది. గుమ్మంలో కానుకలు అందుకుంటున్న ప్రేమకుమారి ఆ సంచీ తీసుకుని, కానుకే కదా అని బల్ల మీద పెట్టేసింది. నేను తినడానికి తెచ్చుకున్నానని దేవుడి ఇంట్లో ఏ నోటితో అంటుంది?

వేలం వేసే బర్నబాస్ పొట్లం విప్పి, జకరయ్య పఫ్‌లని కేకేశాడు. ఊళ్ళో ఇంకెవరు చేస్తారు మరి. ఆ రోజు రొట్టెలు తప్ప ఏమీ ఇవ్వని జకరయ్య తెల్లబోయి, పాట పెంచి తనే దక్కించుకున్నాడు. గుడి మెట్ల మీద కూర్చుని ఒకటి విరిచాడు. పొరలు ఒళ్ళో రాలాయి. తిన్నాడు. రెండోది విరిచి, తినకుండా దానివంకే చూస్తూ ఉండిపోయాడు. ఎవరు తెచ్చారని ప్రేమకుమారిని అడిగితే ఆవిడ విజయమ్మను చూపించింది. విజయమ్మకు తప్పించుకుపోవాలనే ఉంది, కానీ మెట్లు దిగాలంటే అతని పక్కనుంచే పోవాలి.

“ఇయ్యి ఎక్కడియ్యండి టీచర్‌గారూ?”

“తెనాలివి నాయనా.”

అతను విరిచిన ముక్కను పొట్లంలో పెట్టేశాడు.

“బళ్ళో ఒక్క అక్షరం తప్పు రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు గదండి. నా పఫ్‌కెందుకండీ చుట్టలేదు?”

విజయమ్మ అతని పక్కనే మెట్టు మీద కూలబడింది. ఏడుపు దాచుకోలేదు.

“మీ అమ్మ నావంకే చూస్తా ఉందిరా. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.”

“అమ్మ ఆ రోజే బాలేవందండి. టీచర్‌గారి కంటే నీకెక్కువ తెలుసా అని నేనే నోరు మూయించాను. మళ్ళీ ఎప్పుడూ అనలేదండి.”

నాగమ్మ చనిపోయి అప్పటికి రెండేళ్ళు.