గుహ బయట విప్పిన బూట్లు

జగిత్యాల దగ్గర పల్లెలో చిన్నబడి పంతులుగా పనిచేసి, ముప్పై ఆరేళ్ల వయసులో కాలేజీ కోర్సుకని కెనడా వచ్చినవాడు లింగయ్య. సెయింట్ జాన్ ఊళ్లో మన పిల్లలందరికీ అన్న. తెల్లారకముందే బేకరీలో డ్యూటీ, ఆ మీదట క్లాసులు. ఐదుగురితో పంచుకున్న బేస్‌మెంటులో అగరుబత్తి వెలిగిస్తే స్మోక్ అలారం మోగుతుంది. పక్కవాళ్ల నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక రెండేళ్లుగా దీపం కూడా మానుకున్నాడు. కిటికీ లేని ఆ గదిలో పడుకుని మనసులోనే దండం పెట్టుకునేవాడు.

మే నెలలో ఒక ఆదివారం రూమ్మేట్ తనీష్, పక్కింటి వర్షిణి అతన్ని బలవంతాన కారెక్కించారు. ముప్పావుగంట దూరంలో, సముద్రపు ఒడ్డున ఎర్రరాతి గుహలున్నాయి. ఆటుకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు లోపలికి నడిచి వెళ్లొచ్చు. పోటుకు అవే గుహలు మునుగుతాయి.

"రెండున్నర కల్లా బయట ఉండాలె అన్నా," అంది వర్షిణి, అక్కడి బోర్డు చదివి.

ఒక గుహ లోపలి మూలలో గుండ్రటి రాయి. పైనుంచి దాని మీద నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. లింగయ్య ఒళ్లు జలదరించింది. గబగబా వెనక్కి నడిచి, గుహ మొదట్లో బూట్లు విప్పి, సెల్లు అందులో పెట్టాడు.

"అన్నా, ఇది గుడి కాదు. టూరిస్ట్ స్పాట్," అని నవ్వాడు తనీష్.

"నీకు స్పాటే. నాకు శివుడు కనవడ్తున్నడు. ఐదు నిమిషాలు కూసుంట, మీరు పోయి టిఫిన్ డబ్బలు తియ్యుండ్రి."

"ఐదంటే ఐదే! నీ పూజ సంగతి మాకు తెల్వదా?" అంటూ వర్షిణి తనీష్‌ను తీసుకుని వెళ్లింది.

లింగయ్య లోపలికి వచ్చి, గుండ్రటి రాయి ఎదుట ఒక బండ మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మైక్రోవేవ్ మోత లేదు, ఫోన్లలో అరుపులు లేవు. రెండేళ్లుగా గొంతులోనే ఉండిపోయిన శ్లోకాలు ఒకటి తర్వాత ఒకటి పైకొచ్చాయి.

చల్లగా ఏదో మడమకు తగిలితే కళ్లు తెరిచాడు. నీళ్లు! గుహ మొదట్లో మోకాలిలోతు ఉన్నాయి. బూట్లు లేవు. సెల్లూ వాటితోనే పోయింది. అడుగు వేస్తే రాళ్లకు అంటుకున్న గుల్లలు బ్లేడుల్లా అరికాలు కోశాయి. రెండో అడుగుకు ఆ మంచునీళ్లలో కాలు మొద్దుబారి పడబోయాడు. పాక్కుంటూ వెనక్కి వచ్చి గోడకున్న గట్టు ఎక్కాడు.

"తనీష్! వర్షిణీ!"

అలల హోరులో అతని పిలుపు అతనికే వినిపించలేదు.

గట్టు మీద కూర్చుంటే తల పైకప్పుకు తగులుతోంది. అచ్చం ఆ బేస్‌మెంటే. ముందు తాను కూర్చున్న బండ మునిగింది. తర్వాత గుండ్రటి రాయి సగం మునిగింది. 'స్వామీ, నా కోసమని ఆ పిల్లలు నీళ్లల్ల దిగకుంట చూడు,' అని మొక్కుకున్నాడు.

ఒడ్డున జరిగింది అతనికి తర్వాత తెలిసింది. అన్న ఎప్పుడో పూజ ముగించి, తీరం వెంట నడుస్తున్నాడనే పిల్లలు అనుకున్నారు. ఇంతలో కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన కాళ్ల దగ్గరికి బూటు ఒకటి కొట్టుకొచ్చింది. తెగిన లేసుకు బదులు దానికి బియ్యం సంచి పురికొస కట్టి ఉంది. అది చూడగానే వర్షిణి, "అన్న లోపల్నే ఉన్నడు!" అని కేకపెట్టింది.

ఆ పెద్దాయన చేపలు పట్టేవాడు. తన బండిలోంచి ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లు తీసి తొడుక్కుని, నడుముకు తాడు కట్టుకుని, తాడు కొస తనీష్ చేతికిచ్చి నీళ్లలో దిగాడు. గట్టు దగ్గరికొచ్చి వీపు తిప్పి, ఎక్కమన్నాడు.

ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి. తండ్రి వయసు మనిషికి కాళ్లు తగిలించడమా?

"నో సర్, యూ ఆర్ ఎల్డర్," అని లింగయ్య దండం పెట్టాడు.

పెద్దాయన తన నడుము దాటిన నీళ్లను చూపించాడు. "మర్యాదలు ఒడ్డున చూసుకుందాం," అన్నాడు ఇంగ్లీషులో.

తాడు పట్టుకున్న తనీష్ ఆ దండం చూసి బయటినుంచి గట్టిగా అరిచాడు: "అన్నా, కాళ్లు తర్వాత మొక్కుదువుగానీ, ముందు ఎక్కు!"

లింగయ్య కళ్లు మూసుకుని ఎక్కాడు.

ఒడ్డున పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని తన ఊలు సాక్సులు అతనికి తొడగబోయాడు. లింగయ్య కాలు లాక్కున్నాడు. ఆయన వదల్లేదు.

"బూట్లెందుకు విప్పావు?"

"లోపల దేవుడున్నడు, సర్." వర్షిణి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది.

పెద్దాయన గుహ వైపు చూసి టోపీ తీశాడు. "నేను బూట్లతోనే వెళ్లానే," అన్నాడు మెల్లగా.

లింగయ్య పళ్లు ఇంకా టకటకమంటూనే ఉన్నాయి. టిఫిన్ డబ్బా మూత తీసి, తాను చేసిన పులిహోర మొదటి పిడికెడు ఆయన చేతిలో పెట్టాడు.

"ప్రసాదం, సర్."

"కారమా?"

"కొంచెమే, సర్."