బావ కాలివేళ్లు, ఇనుప రేకు బూట్లు

మా బావ ఇంటి షెడ్డులోనే కార్లు బాగుచేసేవాడు. కాళ్లకి రబ్బరు చెప్పులే. దూరంగా ఉన్న పానాని కాలివేళ్లతోనే లాక్కునేవాడు. చివరికి అక్క పోరు పడలేక, వేళ్లమీద ఇనుప రేకున్న బూట్లు కొన్నాడు. గొంతుక్కూర్చున్నా మడమ నొక్కనివి ఏరడానికి కొట్టంతా కప్పగంతులేశాడు.

మూడో రోజే బల్లమీంచి గేరుబాక్సు జారి కుడికాలిమీద పడింది. గున్న ఏనుగంత బరువు! నేనూ అక్కా కలిసి దాన్ని పక్కకి దొర్లించాం. బూటు ముందుభాగం సొట్టపోయింది. అక్క లేసులు విప్పడం మొదలెట్టింది.

"ఏవండీ, వేళ్లు కదులుతున్నాయా?"

"ఆగవే, ఒక్కొక్కదాన్నే పిలుస్తున్నా."

"పలికాయా?"

"నాలుగు పలికాయి."

అక్క లేసులు ఇంకా గబగబా లాగింది. బావ కళ్లు మూసుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"చిటికెనవేలికి మొదటినుంచీ బద్ధకమే. ఇప్పుడు లేచింది."